తీసుకోని శాలువా

1963 ఫిబ్రవరి, ఆదివారం రాత్రి
ఇందుకూరుపేట, అక్క వాళ్లిల్లు

మద్రాసులో నటనకు బంగారు పతకం, ఢిల్లీలో పాటకు ప్రశంసాపత్రం అందుకున్నదాన్ని. నాటకాల్లో వేషం కట్టానని పద్దెనిమిదేళ్ల వయసులో నా పేరు కొట్టేసి, రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభువు బల్లకు నన్ను దూరం పెట్టిన సంఘమే ఈ సాయంత్రం చర్చిలో నాకు సన్మానం తలపెట్టింది.

"మన సంఘం బిడ్డ. ఈ గుళ్లో పాడి పెరిగిన గొంతు," అంటూ పాస్టరు అయ్యగారు శాలువా విప్పారు.

ఉండబట్టలేక అడిగేశాను. "అయ్యగారూ, సంఘంలో నా పేరు మళ్లీ రాసినారా?"

చప్పట్లు ఆగిపోయాయి. ఆయన పెద్దల వైపు చూశారు.

"అది కమిటీలో మాట్లాడాలమ్మా. ముందు ఇది కప్పించుకో."

"పేరు రాసినాకనే కప్పండి," అని దండం పెట్టి దిగి వచ్చేశాను. ఇన్నేళ్ల బరువు దిగినట్టనిపించింది.

ఇంటికి వచ్చేదాకా అక్క నాకంటే ముందే నడిచింది. తలుపు వేశాక అంది: "నీకేం, పొద్దున్నే మద్రాసు రైలెక్కి పోతావు. వచ్చే నెల నా బిడ్డ పెళ్లి చెయ్యాల్సింది ఆ అయ్యగారే గదా. అడిగేటప్పుడు నేను గుర్తు రాలేదా మే?"

నిజంగానే గుర్తు రాలేదు.

నేనడిగింది న్యాయమే. దానికోసం పిల్ల పెళ్లి ఆగిపోతే? పొద్దున రైలెక్కే ముందు అయ్యగారి దగ్గరికి వెళ్లి ఆ శాలువా కప్పించుకుంటే అంతా సర్దుకుంటుంది.

పక్కగదిలో అక్క కూడా నిద్రపోలేదు. పిలవాలని ఉంది. పిలిస్తే, వెళ్లి కప్పించుకుంటానని చెప్పాలి...