దర్జీ కొట్టు మీద గది

అక్కా,
పాలు కాచి మూత పెట్టాను. పొద్దుటి మాత్ర వేసుకున్నాను, డబ్బా తీసి లెక్కపెట్టక్కర్లేదు.

దర్జీ కొట్టు మీద గది ఖాయం చేసుకోవడానికి వెళ్తున్నాను. నేను పిచ్చాసుపత్రిలో ఉండొచ్చిన సంగతి ఆ ఇంటావిడకి నేనే చెప్పేశాను. ఆవిడ, "మా తమ్ముడూ ఉండొచ్చాడమ్మా అక్కడ. ఎప్పుడు దిగుతావు?" అంది.

ఏడాదిగా మీ హాల్లో పడుకుంటున్నాను. నాకు ఇబ్బంది కాకూడదని మీరు గుసగుసగా మాట్లాడుకుంటారు. నాకేమో అదంతా నా గురించే అనిపించి నిద్ర పట్టదు. నిద్ర లేకపోతే మందులు సరిగ్గా పనిచెయ్యవని డాక్టరే అన్నాడు. నేను మూసుకుంటే మూసి ఉండే తలుపు ఒకటి కావాలి నాకు. బావ వద్దన్నా వెళ్తాను. నీ మీద కోపంతో కాదక్కా.

చెప్పడం మర్చిపోయాను, రెండో తాళంచెవి నీకే ఇస్తాను. వచ్చినప్పుడు ముందుగా తలుపు తట్టు. నేను పలక్కపోతేనే దాన్ని వాడు.