తలుపు పిడి మీద నీ గోళ్లు

అలెగ్జాండ్రియా, శుక్రవారం

అమ్మా,

ఇక్కడ అందరం కులాసా, కంగారుపడకు. చెల్లి హుదా పెళ్లి ఊరేగింపుకి నాన్న పాత ప్యూజో కారు సిద్ధమవుతోంది. నీవైపు తలుపు మెత్తటి పిడి చీలిపోయింది, బజారంతా వెతికినా అలాంటిది దొరకలేదు. పాతదానికే ప్లాస్టర్‌తో అచ్చు తీసి, నీ వంటింట్లోనే రబ్బరులా గట్టిపడే రెజిన్ పోశాను, తిట్టకు. తీరా చూస్తే కొత్త పిడి మీదా నీ నాలుగు గోళ్ల గాట్లు దిగాయి! ఫతల్లా మామయ్య పడీపడీ నవ్వాడు. "బావ తోలుతుంటే మా అక్క ప్రాణాలు అరచేతిలో కాదురా, ఈ పిడిలో పెట్టుకునేది!" నాన్నేమో, "నేనెప్పుడు జోరుగా తోలానూ? ఆ గాట్లు పూడ్చెయ్" అంటున్నారు.

పూడ్చమంటావా? వెంటనే రాయి. సీట్లు కుట్టడానికి గట్టి నల్లదారం తీసుకురా. అక్కడ అమ్మమ్మ మోకాలు ఎలా ఉంది? హుదా కోసం దువా చెయ్యమను.

ఊరేగింపులో బండి తోలేది నాన్నే, పక్క సీటు నీదే. అందుకే నేనింకా పూడ్చలేదు.

నీ రమ్జీ