కొళాయి ఆగిందన్న సుగుణ

తిరుపతి, 1998, శ్రావణ శుక్రవారం

తెల్లవారితే ఈ సంగతిని తేలికగా తీసుకుంటానేమోనన్న భయంతో ఇప్పుడే రాస్తున్నాను.

సాయంత్రం కారుతున్న కొళాయికి కొత్త వాషర్ వేశాను. అయినా చుక్కలు బకెట్లో మోగుతూనే ఉన్నాయి. తిరుమల కొండల మీద ఎక్కడో మొదలైన వాన కలలోకి వచ్చినట్టుంది ఆ చప్పుడు. అటు తిరిగి బట్టలు మడతపెడుతున్న సుగుణను "ఆగిందా?" అని అడిగాను.

"ఎప్పుడో నిలిచిపోయినాదిలే. చెవుల డాక్టర్ను చేసుకుంటే కొళాయి కూడా బాగయితాది సూడు!" అని నవ్వింది.

నేను నవ్వలేకపోయాను. మాటలు వినపడుతూనే సన్నని శబ్దాలు ముందుగా దూరమవడం నా రోగుల్లో రోజూ చూస్తున్నాను. కొళాయిని ఇంకొంచెం బిగించాను. చుక్క ఆగింది. ఇల్లంతా నీటి అడుగుకు జారినట్టు నిశ్శబ్దమైంది. వినికిడి పరీక్ష చేస్తానంటే సుగుణ బెదిరిపోతుంది.

నన్ను ఆటపట్టించడానికి అలా అన్నదో, నిజంగానే వినపడలేదో నాకు తెలియదు.