పోట్లాట నా గదిలో, సంతకాలు మీ గదిలో

పూజ్యులైన బావగారికి,

నమస్కారాలు. అక్కా మీరూ క్షేమమని తలుస్తాను. నేను మాత్రం క్షేమంగా లేను. ఫోన్లో నా గొంతు వినగానే మీరు దాన్ని చెవికి దూరంగా పెడతారని అక్క చెప్పింది కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

కింది కోర్టులో మీరిచ్చిన తీర్పుల్ని పైకోర్టులో నా తోటి జడ్జీలు కొట్టేస్తుంటే, బావగారివి కదా అని తలొంచుకు కూర్చున్నవాణ్ణి నేను. అలాంటిది ఇద్దరం రిటైరై మధ్యవర్తులమయ్యాక జనం నా బోర్డు చదివి, మీ గదికి దారి నన్నే అడుగుతున్నారు!

నిన్న పళ్ళ డాక్టరూ కళ్ళ డాక్టరూ వచ్చారు. ఇద్దరికీ కలిపి ఒకటే వెయిటింగ్ హాలు. అందులో కుర్చీలు ఎవరివన్నది తగాదా. నేను ఇద్దర్నీ నిలబెట్టి మాట్లాడించాను. పళ్ళాయన దగ్గితే, "ముందు జవాబు, తర్వాత దగ్గు" అన్నాను. కళ్ళాయన వాచీ చూసుకుంటే బయటికి పంపించాను. కాసేపటికి కిటికీలోంచి చూద్దును కదా, ఇద్దరూ ఒకే గొడుగులో రోడ్డు దాటుతున్నారు. ఎక్కడికి? మీ దగ్గరికి! సాయంత్రానికల్లా రాజీపత్రం తయారట.

పోట్లాట నా గదిలో, సంతకాలు మీ గదిలో. ఇదెక్కడి న్యాయం?

ఇట్లు,
మీ బావమరిది
(పైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి)

తా.క.: బ్రాకెట్లో ఉన్నది కూడా చదవగలరు.

*

చిరంజీవి బావమరిదికి,

ఆశీస్సులు. బ్రాకెట్లో ఉన్నదే ముందు చదివాను.

డాక్టర్లు నా దగ్గరికి వచ్చిన మాట నిజమే. వాళ్ళేం మాట్లాడారో మాత్రం చెప్పలేను. మధ్యవర్తి గదిలో మాట గడప దాటకూడదు. నీకు కాస్త ఓపిక నేర్పమని మీ అక్క పోరుతోంది. నేను ససేమిరా అన్నాను. నువ్వు నీలాగే ఉండు. అదే నాకు కావలసింది.

ఆశీస్సులతో,
బావ

తా.క.: నీ గొంతుకి ఏమైందని పళ్ళ డాక్టరు అడిగాడు. పుట్టుకతోనే అంతేనని చెప్పాను.

*

బావగారికి,

ఈసారి 'పూజ్యులైన' అని రాయలేదు. గమనించగలరు.

'నీలాగే ఉండు' అంటే నాకు అర్థం కాదనుకున్నారా? నేను బాగుపడకూడదనేగా!

మొన్న నడకకి వెళ్ళి, అనుకోకుండా మీ కిటికీలోంచి చూశాను. గుండ్రటి బల్ల. కిర్రుమనే ఫ్యాను. మీరు చెంపకి చెయ్యి ఆనించుకుని "ఊఁ" అంటున్నారు. "అయ్యో" అంటున్నారు. "తర్వాత?" అంటున్నారు. ఈ ముక్కలకా జనం ఎగబడేది! ఇంటికొచ్చి అద్దం ముందు నేనూ "ఊఁ" అని చూశాను. మా ఆవిడ పక్కగదిలోంచి పరిగెత్తుకొచ్చి, "ఎవర్నండీ కేకలేస్తున్నారు?" అంది.

అది సరే. నిన్న ఫోటో స్టూడియో నడిపే మొగుడూ పెళ్ళాలు వచ్చారు. విడిపోతారట. కెమెరాలెవరికి, స్టూడియో ఎవరికి అన్నది తేల్చమన్నారు. నేను అతణ్ణి కడిగేశాను. "ఊరందర్నీ నవ్వమని ఫోటోలు తీస్తావే, ఇంట్లో మనిషి నవ్విందో లేదో ఒక్కసారైనా చూశావా? నువ్వూ ఒక మొగుడివేనా?" అన్నాను. అంతే, ఆవిడ దిగ్గున లేచింది.

"ఆయన్ని అనడానికి నేనున్నానండీ! మధ్యలో మీరెవరు?" అంది.

అప్పుడు అతను ఆవిడ వైపు ఒక చూపు చూశాడు బావగారూ, నా వైపు ఈ జన్మలో ఎవరూ అలా చూడలేదు. ఆవిడ చేతిసంచి తనే అందుకున్నాడు. ఇద్దరూ వెళ్ళిపోయారు. మీ దగ్గరికే!

అసలు మీరు వాళ్ళకేం మందు పెడుతున్నారు?

ఇట్లు,
బావమరిది

తా.క.: మీ దగ్గర టీ ఇస్తారట. కోర్టులో ఏనాడైనా ఇచ్చామా?

*

చిరంజీవి బావమరిదికి,

నీ కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. ఇప్పట్లో తగ్గేలా లేదని మీ అక్క చెప్పింది కాబట్టి రాస్తున్నాను. స్టూడియో వాళ్ళు విడిపోవడం లేదు. ఇంతకు మించి అడగకు.

త్వరలో బేకరీ అన్నదమ్ములు నీ దగ్గరికి వస్తారు. మహా మొండివాళ్ళు. గొంతు కాపాడుకో.

బావ

తా.క.: ఈసారి నడకకి వచ్చినప్పుడు కిటికీ దగ్గర గొడుగు ముడుచుకో. నా పార్టీలు నిన్ను చూసి, ఇంకో వాటాదారుడు బయల్దేరాడనుకుని హడలిపోయారు.

*

బావగారూ,

నమస్కారం కూడా లేదు.

బేకరీ వాళ్ళు వచ్చారు. మీకంటే నేనేం తక్కువని, అచ్చం మీలాగే చేశాను. టీ పోయించాను. చెంపకి చెయ్యి ఆనించాను. "ఊఁ" అన్నాను. అన్న తమ్ముణ్ణి దొంగ అన్నాడు. "అయ్యో" అన్నాను. తమ్ముడు అన్న చొక్కా పట్టుకున్నాడు. "తర్వాత?" అన్నాను. తర్వాత నా బల్ల కాలు విరిగింది. ఇద్దరూ మెట్లు దిగి చెరో దారినా వెళ్ళిపోయారు. మీ దగ్గరికి కూడా రాలేదటగా!

వాళ్ళు నా దగ్గరికి వస్తారని మీకు ముందే ఎలా తెలుసు? నేర్పి పంపారు కాబట్టి! మధ్యవర్తుల సంఘానికి ఫిర్యాదు రాస్తున్నాను. ఇకపై మన చుట్టరికం అక్క వరకే.

విశ్రాంత న్యాయమూర్తి

తా.క.: మీ టీ పొడి పేరేమిటి?

*

చిరంజీవి బావమరిదికి,

ఎంత పని చేశావయ్యా! నిన్ను "ఊఁ" అనమన్నదెవరు? నీలాగే ఉండమని మొత్తుకున్నానుగా!

ఇక దాచి లాభం లేదు. డాక్టర్లనీ, స్టూడియో వాళ్ళనీ, ఈ బేకరీ వాళ్ళనీ నీ దగ్గరికి పంపింది నేనే. అంతకుముందు వాళ్ళంతా నా గదిలో కూర్చుని కూర్చుని కుర్చీలు అరగదీసినవాళ్ళే. నేనెంత మెత్తగా వింటే అంత కొత్త తగాదా తీసేవారు. ఒకరి మొహం ఒకరు చూసేవారు కాదు. ఇక నా వల్ల కాదనుకున్నప్పుడు నువ్వు గుర్తొచ్చావు. నీ ఎదుట ఒక్క పూట కూర్చుంటే చాలు, ఎంత పగవాళ్ళైనా ఒకటైపోతారు. నీ మీద! నిన్ను తిట్టుకుంటూ, నీ గొంతు అనుకరిస్తూ, పడీ పడీ నవ్వుకుంటూ నా గదికి వస్తారు. ఇక నాకు మిగిలే పని కలం అందించడమే.

నువ్వు నన్ను చూసి కుళ్ళుకుంటున్నావు. కుళ్ళుకోవలసింది నేను. స్టూడియో ఆవిడ ఆ రోజు లేచి నిలబడిన సంగతి కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోతోంది. ఆ కథలో నువ్వున్నావు, మొగుడున్నాడు, నీ కుర్చీ కూడా ఉంది. నేను లేను. ఇన్నాళ్ళూ ఓపిగ్గా విన్న బావ ఊసే లేదు. నాకు మాత్రం బాధ ఉండదా?

బేకరీ వాళ్ళని కాళ్ళావేళ్ళా పడి మళ్ళీ ఒప్పించాను. రేపు పంపుతున్నాను. నీకు పుణ్యముంటుంది, టీ ఇవ్వకు. నోరు చేసుకో.

నీ బావ

తా.క. (ఇది అక్క రాస్తున్నది): తమ్ముడూ, మీ ఆవిడా నేనూ ఏళ్ళ తరబడి పలకరించుకోవడం లేదని నీకు తెలుసుగా. మీ ఉత్తరాల గోల భరించలేక మొన్న తనే నాకు ఫోన్ చేసింది. ముందు నిన్ను తిట్టుకున్నాం. తర్వాత మీ బావని తిట్టుకున్నాం. అక్కడితో ఆగలేక ఈ ఆదివారం ఇద్దరం సినిమాకి వెళ్తున్నాం. నీకు దణ్ణం పెడతాను, మీరిద్దరూ అప్పుడే రాజీపడకండి.