అత్తగారి డెక్స్‌టరిటీ

ఇంగ్లీషు టీచరుగారైన మా చెల్లికి,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అత్తగారి మణికట్టుకు వేసిన కట్టు విప్పేశారు. వ్యాయామాల డాక్టరు దగ్గర పరీక్ష కూడా అయింది. తొమ్మిది చిల్లులున్న చెక్కలో తొమ్మిది పుల్లలు గుచ్చి తీయాలి, అంతే. రిపోర్టులో మాత్రం "డెక్స్‌టరిటీ బాగా తక్కువ, కుట్టు మిషను తొక్కవద్దు" అని ఉంది. నిఘంటువు తీస్తే "నేర్పు" అంది. నలభై ఏళ్లు వీధి వీధంతటికీ బట్టలు కుట్టిన మనిషికి నేర్పు లేదంటాడా? సరైన అర్థం రాయి.

ఉంటాను,
అక్క

తా.క.: ఆవిడకి ఇంకా చెప్పలేదు. మిషను తాళం మాత్రం దాచేశాను.

అక్కకి,

ఆయన ఆవిడ పనితనాన్ని ఏమీ అనలేదే. డెక్స్‌టరిటీ అంటే చేతి ఒడుపు. వేళ్లు తడబడకుండా, చకచకా ఆడటం. కుట్టుపనివాళ్లకీ పళ్ల డాక్టర్లకీ వాడతాం. మెట్లు గబగబా ఎక్కేవాళ్లకి వాడం. పని తెలిసి కూడా వేళ్లు మాట వినకపోతే, అది తగ్గిందంటాం. ముందు ఆవిడతో నెమ్మదిగా చెప్పు.

ప్రేమతో,
చెల్లి

తా.క.: "చేతివాటం" అని మాత్రం అనకు. దొంగతనం అంటగట్టావనుకుంటారు.

చెల్లికి,

చెప్పాను. నీ అర్థం పట్టుకుని, గడియారం ఎదురుగా పెట్టి పరీక్షించాను కూడా. చొక్కా గుండీలు ఆరు, పదకొండు సెకన్లు. సూదిలో దారం, నాలుగు. చిక్కుడు గింజలు ఒలవమంటే "నన్నేమన్నా బళ్లో చేర్చావా?" అని లేచిపోయారు. మూడు రోజులుగా నాతో మాటల్లేవు. రిపోర్టులో పుల్లలకి నలభై ఆరు సెకన్లు పట్టినట్టుంది. ఇంట్లో ఇంత చురుకు, అక్కడ అంత మందమా? కంగారుపడి ఉంటారు. అయినా డాక్టరు రాశాక కాదనలేం కదా, మిషను ఎవరికైనా ఇచ్చేద్దామని మీ బావగారితో అన్నాను. అప్పట్నుంచీ ఆవిడ దాని పక్కనుంచి కదలడం లేదు.

నీ,
అక్క

తా.క.: నాతో మాట్లాడని మనిషి పక్కింటావిడతో అంటున్నారు, "మా కోడలి ముందు గుండీ పెట్టుకోకమ్మా, టైము రాసేస్తుంది!"

అక్కా,

మిషను ఎవరికీ ఇవ్వకు! నాలుగు సెకన్లలో సూదెక్కించే చేతికి పుల్లలు కష్టమా? ఆ రోజు అక్కడ ఏం జరిగిందో ఆవిడనే అడుగు.

తొందరలో,
చెల్లి

తా.క.: అడిగాక జవాబు ఆవిడని చెప్పనివ్వు.

చెల్లికి,

అడిగాను. "ఆ కుర్చీలో నేనెప్పుడు కూర్చున్నానే? 'ఇలా చెయ్యాలి చూడండత్తయ్యా' అంటూ నువ్వే కూర్చుని గుచ్చావు. ఆయన నిన్ను చూసే రాసుకున్నాడు. నా వంతు వచ్చేలోగా ఇంకొకరిని పిలిచారు. కాగితం నాదేనన్నావు. ఇంగ్లీషు వచ్చినదానివి, నీకు తెలుస్తుందనుకున్నాను" అన్నారు.

నలభై ఆరు సెకన్లూ నావేనే! నాలుగు నెలలుగా కుడి చెయ్యి తిమ్మిరెక్కుతోంది. గిన్నెలు జారితే సబ్బుని తిట్టుకున్నాను. ఇంట్లో అందరి మందుల వేళలూ రాసే పుస్తకంలో నాకొక పేజీ పెట్టుకోలేదు. తాళం ఆవిడకిచ్చేసి, క్షమించమని అడిగాను. నిన్న ఆవిడే నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. నరం నొక్కుకుపోయిందట. పట్టీ వేసి, నెల రోజులు ఆ చేత్తో ఏ పనీ వద్దన్నారు.

ఇట్లు,
అక్క

తా.క.: అమ్మాయీ, చేతిరాత చూసి కంగారుపడకు. మీ అక్క చెబుతుంటే నేను రాశాను. "క్షమించమని అడిగాను" అందే, నన్నేమీ అడగలేదు. నాచేత నీకు రాయించింది. పోన్లే, రాస్తుంటే విన్నాను కదా.