చెయ్యి నొచ్చే హీరో

జులై 7, సోమవారం

బాపు ఈరోజూ మంచం దిగలేదు. ఎముక అతికింది, ఇక నడిస్తేనే మోకాలు వంగుతుందని దవాఖానలో చెప్పి పంపారు. "రేపు సూద్దాం" అంటాడు. బొగ్గు బాయిలో పైకప్పు పెళ్ళ ఊడి కాలి మీద పడ్డప్పటి నుంచీ అన్నీ రేపే.

బడిలో పిల్లలకు పాఠాలు చెప్పి వచ్చేసరికి గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నిద్ర కాదు, తెలుస్తూనే ఉంది.

జులై 9, బుధవారం

ఖాదర్ కాక వచ్చాడు. బాపుకి చిన్ననాటి దోస్తు. గోదావరిఖనిలో తన గ్యారేజీ ఆ పూటకి మూసేసి, చేతులకు గ్రీజు అలాగే. ఫోన్‌ని టీవీకి కలిపి ఏదో చైనా కుంగ్‌ఫూ కామెడీ పెట్టాడు, తెలుగు డబ్బింగ్. చైనా ముసలమ్మ గోదావరి జిల్లాల యాసలో మొగుణ్ణి తిడుతోంది. నాకు తలనొప్పి.

బక్క హీరో నిచ్చెన భుజాన వేసుకుని గిర్రున తిరిగాడు. వెనకాల రౌడీలంతా టపటపా రాలారు. ఆఖరికి ఆ నిచ్చెనే వాడి మొహానికి తగిలింది.

బాపు నవ్వాడు. గట్టిగా. అమ్మ వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చి చూసింది.

జులై 13, ఆదివారం

వీళ్ళిద్దరికీ ఇది పాత పిచ్చేనట. పెళ్ళిళ్ళు కాక ముందు, బాపు ఫస్ట్ షిఫ్టు అయ్యాక స్నానం కూడా చేయకుండా వీడియో సెంటర్‌కి… "మీ బాపు బొగ్గు మొఖంతోని కూసుంటే పక్కన ఎవ్వడు కూసోకపోతుండె. గీడే విలన్ అనుకునేటోళ్ళు" అన్నాడు కాక.

అడిగాను — వీటిలో ఏముంది బాపు, అంతా పడటమే కదా.

"మనోళ్ళ హీరో పది మందిని కొడ్తడు, చెయ్యి నొయ్యదు. గీడు ఒక్కన్ని కొట్టి చెయ్యి ఊదుకుంటడు. సూడు."

చూశాను. నిజమే. గుద్దిన ప్రతిసారీ చెయ్యి విదిలించుకుంటున్నాడు. ముందు పారిపోతాడు, దొరికిపోయాకే కొడతాడు. భయపడటానికి సిగ్గుపడడు. నాకూ నచ్చుతున్నాడు, ఒప్పుకోవాలి.

జులై 15

సినిమా అయిపోయి పేర్లు పడేటప్పుడు చెడిపోయిన షాట్లు చూపిస్తారు. వాడు నిజంగా పడటం, నిజంగా రక్తం, అందరూ పరుగెత్తుకు రావడం, వాడేమో పడుకునే నవ్వడం… బాపు కథంతా వదిలేసి ఆ తోక ముక్కనే మళ్ళీ మళ్ళీ పెట్టమంటాడు.

జులై 20, ఆదివారం

లేచాడు! ఎవరూ చెప్పకుండానే. కర్ర పట్టుకుని వాకిట్లోకి నాలుగడుగులు. తూలి బట్టల దండెం పట్టుకున్నాడు. దండెం తెగింది. అమ్మ చీర నెత్తిన కప్పుకుని కూలబడ్డాడు.

అమ్మ, నేను, కాక — ముగ్గురమూ బిగుసుకుపోయాం. చీర కింద నుంచి గొంతు — "నవ్వుండ్రి. నవ్వుతలేరేంది?"

ముందు కాక నవ్వాడు. తర్వాత అమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

లేపి కూర్చోబెట్టాక చెప్పాడు. "బాయిల ఎవడన్న కాలు జారితే ఎవ్వడు నవ్వడు బిడ్డా. ముందుగాల వాని దిక్కు ఉరుకుతం. పైకొచ్చినంక, చాయ్ కాడ నవ్వుతం. నవ్విన్రంటే అందరు పైకొచ్చిన్రన్నట్టు." మోచేయి గీరుకుపోయింది, పసుపు పెట్టాను.

జులై 26, శనివారం

రోజూ నడుస్తున్నాడు.

కొత్తగూడెంలో కంపెనీ మెడికల్ బోర్డు నుంచి పిలుపు. అన్‌ఫిట్ అంటే, కంపెనీ రూలు ప్రకారం బాపు ఉద్యోగం నాకు. ఫిట్ అంటే మళ్ళీ బాయి. "బిడ్డకు నౌకరైతది, నువ్వు ఇంట్ల సల్లగ కూసో" అంది అమ్మ. బాపు కర్ర తీసుకుని మళ్ళీ వాకిట్లోకి నడిచాడు. మా బడి వచ్చే ఏడు ఉంటుందో మూస్తారో, అదొక ఫికర్.

జులై 28

ఇవాళ కర్ర లేకుండా క్వార్టర్ల వరస చివరి దాకా వెళ్ళొచ్చాడు. చూసి గుమ్మంలోనే నిలబడిపోయాను. సంతోషంతో కాదు.

బాపు మళ్ళీ బాయిలోకి దిగొద్దు, అది నిజం. నాకు ఉద్యోగం కావాలి, అదీ నిజం. ఏది ముందో నాకే తెలియదు… తండ్రి బాగుపడకూడదని కోరుకునే కూతురు ఉంటుందా. ఉంది, ఇక్కడే కూర్చుని రాస్తోంది. సిగ్గుగా ఉంది.

ఆగస్టు 2, శనివారం

కాక మెల్లగా అన్నాడు — "సిన్మల దెబ్బ తాకకున్నా తాకినట్టు పడ్తడు గదా. బోర్డు కాడ జర గట్ల కుంటరాదు?"

బాపు లేచి కుంటి చూపించాడు. మరీ ఎక్కువ కుంటేసరికి గుమ్మానికి తల తగిలింది. కాక పొట్ట పట్టుకుని నవ్వాడు. నేనూ.

కాక వెళ్ళాక టీవీ చప్పుడు తగ్గించి — "బిడ్డా, నువ్వు చెప్పు. కుంటాల్నా, నడువాల్నా?"

నేను చాప మడతపెట్టడం మొదలుపెట్టాను. బాపే మళ్ళీ అన్నాడు —

"నాకు బాయి యాదికొస్తది. మావోళ్ళు యాదికొస్తరు. గని నువ్వు చెప్తె కుంటుత."

చాయ్ పెడతానని వంటింట్లోకి వెళ్ళిపోయాను. చాయ్ పొంగి పొయ్యంతా ఆగమాగం.

ఆగస్టు 5, మంగళవారం

కొత్తగూడెం. నా భుజం మీద చెయ్యి వేసి గది దాకా నడిచాడు. బరువంతా వేశాడు. నిజమో, అప్పుడే మొదలుపెట్టాడో… అడగలేదు.

లోపలికి నన్ను రావద్దన్నారు. తలుపు దగ్గర చెవిలో చెప్పాను — "నీకెట్ల నడువబుద్ధయితె గట్లనే నడువు బాపు." చెప్పగానే ఏడుపొచ్చింది. చెంప మీద తట్టి వెళ్ళాడు.

బోర్డు ఏం తేల్చిందో తర్వాత చెప్తారట. బస్సులో దారంతా నిద్రపోయాడు.

ఆగస్టు 6

సాయంత్రం కాక కొత్త సినిమా తెచ్చాడు. అమ్మ మిర్చీలు వేసింది. పక్కన కూర్చుని అడిగేశాను — "నడిచినవా బాపు, కుంటినవా?"

కళ్ళు తెర మీదే. "డాక్టర్ సాబ్ మంచోడు. నా నడక జూసి నవ్విండు."

"ఎందుకు నవ్విండు?"

"ఆగు బిడ్డా. ఇగ పడ్తడు, సూడు."

తెర మీద హీరో పడ్డట్టున్నాడు. అందరూ నవ్వారు. నేను బాపు మోకాలినే చూస్తూ కూర్చున్నాను.