ఇస్త్రీ పెట్టెల వెనక వీణ రికార్డు

ఒరేయ్ రఘూ,

నువ్వు పోయాక మొదటిసారి, ఈ శుక్రవారం ఉమ్ ఘువైలినా పేటలో మనం పాత గ్రామఫోన్ రికార్డులు ఏరుకునే చారిటీ షాపుకి వెళ్ళాను. ఇస్త్రీ పెట్టెల వెనక ఏం దొరికిందో తెలుసా? మనిద్దరం ఏళ్ళ తరబడి వెతికిన వీణ రికార్డు! అట్ట గోడవైపు తిప్పి ఉంది. జీతం పడేదాకా నా కంట పడకుండా నువ్వు దాచే పద్ధతే అది.

దొంగ వెధవా! ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకుని క్రికెట్ స్కోరు అడిగావే, ఈ ముక్క చెప్పడానికి నోరు రాలేదా?

"దోస్త్ కిధర్, సాబ్?" అని నీ గురించి అడిగాడు షాపతను.

"మాఫీ," అన్నాను. ఇక్కడి అరబ్బీలో 'లేడు' అని. అంతకన్నా చెప్పలేకపోయాను.

ఒళ్ళు మండిపోయి దాన్ని కొనలేదు. దొరికినచోటే విసురుగా తోసేశాను. గుమ్మందాకా వచ్చి, మళ్ళీ వెనక్కి వెళ్ళి, ఇంకెవడికీ కనపడకుండా దాని ముందు ఇంకో ఇస్త్రీ పెట్టె అడ్డం పెట్టాను.